రాకెట్టుకు దారి వేసిన బడిపంతులు

రాకెట్టు అనగానే మనకు శ్రీహరికోట గుర్తుకు వస్తుంది. అంకెలు వెనక్కి లెక్కపెట్టడం, నిప్పులు, పొగ, ఆ తర్వాత కంట్రోలు రూములో చప్పట్లు. టీవీలో అది చూసే మన హాస్టల్ తమ్ముళ్ళలో చాలామంది ఇదంతా కోట్ల రూపాయల వ్యవహారమనీ, పెద్ద పెద్ద చదువులు చదివిన వాళ్ళ పని అనీ అనుకుంటారు. అందులో సగం నిజముంది. మిగతా సగం చెప్పడానికే మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. కోట్లు ఖర్చుపెట్టే ప్రభుత్వాలు రాకముందు దాదాపు ముప్ఫై ఏళ్ళపాటు ఈ రాకెట్టు కలను బతికించినవాళ్ళు ఒక చెవిటి బడిపంతులు, ఒక మందుల దుకాణం యజమాని, కాగితం మిల్లు కార్మికులు, కాలేజీ కుర్రాళ్ళు, జీతం లేకుండా పనిచేసిన కొందరు ఇంజనీర్లు. ఆ బడిపంతులు పేరు కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ.

ఆయన 1857 సెప్టెంబరు 17న రష్యాలోని ర్యాజాన్ ప్రాంతంలో ఇజెవ్‌స్కొయె అనే పల్లెలో జన్మించాడు. తండ్రి అడవుల శాఖలో చిన్న ఉద్యోగి. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని జీతం. పదేళ్ళ వయసప్పుడు ఆ పిల్లవాడికి స్కార్లెట్ జ్వరం సోకింది. ప్రాణం దక్కింది గాని వినికిడి చాలావరకు పోయింది. పంతులు చెప్పేది వినిపించదు. తోటి పిల్లలు నవ్వుతారు. అక్షరాలు నేర్పిన తల్లి 1870లో కన్నుమూసింది. 1873లో బడి కూడా పోయింది. నేటి భాషలో చెప్పాలంటే ఆయన డ్రాపవుట్. ఆ తర్వాత జీవితంలో ఏ బడి బల్లమీదా విద్యార్థిగా కూర్చోలేదు.

కొడుకు చేతిపనులు, లెక్కలు చూసి తండ్రికి ఏదో ఆశ పుట్టింది. పదహారేళ్ళ కుర్రవాణ్ణి ఒంటరిగా మాస్కో పంపాడు. అక్కడ ఏ కాలేజీలోనూ చేరలేదు. చెర్త్‌కోవ్ గ్రంథాలయం అనే చోట అందరికీ పుస్తకాలు ఉచితంగా ఇచ్చేవారు. రోజూ అక్కడికి వెళ్ళి లెక్కలు, భౌతికశాస్త్రం, ఖగోళం తనకు తానే చదువుకున్నాడు. ఇంటి నుంచి నెలకు పది పదిహేను రూబుళ్ళు వచ్చేవి. వాటిలో తిండికి ఖర్చు పెట్టింది నెలకు 90 కోపెక్కులు మాత్రమే. అంటే ఒక రూబులు కూడా కాదు. మూడు రోజులకొకసారి నల్లరొట్టె కొని మంచినీళ్ళతో తినేవాడు. మిగిలిన డబ్బంతా పుస్తకాలకు, పాదరసానికి, ఆమ్లాలకు పోయేది. ఆమ్లం పడి ప్యాంటు చిల్లులు పడితే వీధి పిల్లలు ఎగతాళి చేశారు. మూడేళ్ళు అలాగే గడిపాడు. స్కాలర్‌షిప్ ఆలస్యమైన నెలల్లో టీ, బన్నుతో సరిపెట్టుకుని లైబ్రరీలో కూర్చునే అన్నలకు ఈ లెక్క కొత్తగా ఏమీ అనిపించదు. అయితే మేము దీన్ని ఆదర్శమని చెప్పడం లేదు. ఆయన అలా చిక్కి శల్యమైపోతున్నాడని తెలిసి తండ్రి 1876లో ఇంటికి రప్పించుకోవలసి వచ్చింది. ఆకలి ఎవరికీ చదువు నేర్పదు.

1879లో ప్రైవేటుగా పరీక్ష కట్టి ఉపాధ్యాయుడిగా అర్హత సంపాదించాడు. 1880లో బొరోవ్‌స్క్ అనే చిన్న ఊరిలో లెక్కల మాస్టారు అయ్యాడు. అదే ఏడాది వర్వారా సొకొలోవాతో వివాహం జరిగింది. 1892లో ఓకా నది ఒడ్డున ఉన్న కలూగా పట్టణానికి బదిలీ అయ్యాడు. చనిపోయేవరకు అక్కడే ఉన్నాడు. సుమారు నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాడు. పొద్దున బడి, సాయంత్రం ఇంట్లో రేకు కత్తెర, వడ్రంగం పనిముట్లు, కాగితాలు. పిల్లల మాటలు వినడానికి రేకుతో పెద్ద గరాటు తానే చేసుకుని చెవి దగ్గర పెట్టుకునేవాడు.

ఒంటరిగా చదువుకోవడంలో ఒక కష్టం ఉంది. లోకంలో ఎవరు ఏం కనిపెట్టారో తెలియదు. 1881 ప్రాంతంలో ఆయన వాయువుల గురించి ఒక సిద్ధాంతం రాసి రాజధానిలోని శాస్త్రజ్ఞుల సంఘానికి పంపాడు. అది ఎన్నో ఏళ్ళ క్రితమే యూరపులో కనిపెట్టేశారని జవాబు వచ్చింది. అయినా ఆ పెద్దలు ఎగతాళి చేయలేదు, ప్రోత్సహించారు. 1897లో ఇంట్లోనే సొంత డబ్బుతో గాలి సొరంగం కట్టి రకరకాల ఆకారాల మీద గాలి ఒత్తిడి ఎంత పడుతుందో కొలిచాడు. తర్వాత సైన్స్ అకాడమీ 470 రూబుళ్ళు ఇచ్చింది. జార్ల కాలంలో ఆయన పరిశోధనకు ప్రభుత్వ పక్షం నుంచి వచ్చిన చెప్పుకోదగ్గ సొమ్ము ఇంతే.

ఇక అసలు విషయం. 1903లో నౌచ్నొయె ఒబొజ్రేనియె అనే విజ్ఞాన పత్రికలో ఆయన వ్యాసం అచ్చయింది. రాకెట్టుతో భూమిని దాటి పోవచ్చని లెక్కలతో నిరూపించిన వ్యాసం అది. సైన్స్ గ్రూపు కాని వాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాం. దీపావళి తారాజువ్వ కిందికి నిప్పులు చిమ్ముతూ పైకి పోతుంది. దానికి రెక్కలు అక్కర్లేదు, తోయడానికి గాలి కూడా అక్కర్లేదు. కాబట్టి గాలి లేని చోటకు పోగలిగిన బండి అదొక్కటే. మరి ఎంత వేగం వస్తుంది? అది రెండింటి మీద ఆధారపడుతుందని ఆయన సూత్రం చెబుతుంది. వెనక్కి చిమ్మే వాయువు వేగం ఒకటి. ఇంధనంతో నిండిన బరువుకూ, ఇంధనం అయిపోయాక మిగిలే బరువుకూ ఉన్న నిష్పత్తి రెండోది. భూమి చుట్టూ తిరగాలంటే సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగం కావాలి. వాయువు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో చిమ్మితే, బయలుదేరే బరువు మిగిలే బరువుకు 14 రెట్లకు పైగా ఉండాలి. వేగం రెట్టింపు కావాలంటే బరువు రెట్టింపు చేస్తే సరిపోదు. 14ను మళ్ళీ 14తో హెచ్చవేయాలి, అంటే దాదాపు 200 రెట్లు. తారాజువ్వలోని నల్లమందుతో ఈ పని కాదని ఇక్కడే తేలిపోతుంది. అందుకే ఆయన ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ వాడాలని 1903లోనే రాశాడు. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను మోసుకుపోయిన రాకెట్టు పై అంచెలో ఉన్నది ఆ రెండే.

అంత గొప్ప వ్యాసం వస్తే లోకం ఊగిపోవాలి కదా! ఏమీ జరగలేదు. ఆ పత్రిక సంపాదకుడు ఫిలిప్పోవ్ ఆ జూన్‌లోనే మరణించాడు, పత్రిక ఆగిపోయింది, వ్యాసం రెండో భాగం అచ్చుకే నోచుకోలేదు. అంతకుముందు ఏడాదే ఆయన పెద్ద కొడుకు ఇగ్నాతి ఆత్మహత్య చేసుకున్నాడు. 1908లో ఓకా నదికి వరద వచ్చి ఇంట్లోకి నీళ్ళు చేరి ఎన్నో రాతప్రతులు పాడయ్యాయి. అంతకు ఇరవై ఏళ్ళ ముందు బొరోవ్‌స్క్‌లో ఇల్లు కాలి ఇలాగే పోయాయి. రెండో భాగం 1911, 1912 సంవత్సరాలలో వేరే పత్రికలో వచ్చేసరికి ఆయన యాభై నాలుగేళ్ళ మనిషి.

ఇక్కడి నుంచి కథలోకి ఇతరులు వస్తారు. మాకు బాగా నచ్చిన భాగం కూడా ఇదే.

కలూగాలో మందుల దుకాణం నడిపే కానింగ్ అనే ఆయన సియోల్కోవ్‌స్కీకి వీరాభిమాని. మాస్టారు రేకుతో చేసే విమాన నమూనాల పనిలో సాయం పట్టేవాడు, నలుగురికీ ఆయన గురించి చెప్పేవాడు. 1914లో సెయింట్ పీటర్స్‌బర్గులో జరిగిన వైమానిక మహాసభకు మాస్టారి వెంట వెళ్ళాడు. రాజధానిలో పెరెల్మాన్ అనే రచయిత 1913లో గ్రహాల మధ్య ప్రయాణం గురించి ఉపన్యాసం ఇచ్చి, 1915లో సామాన్యులకు అర్థమయ్యే పుస్తకం రాశాడు. ఇరవై ఏళ్ళలో అది పది ముద్రణలు పొందింది. సూత్రం సియోల్కోవ్‌స్కీదే గాని దాన్ని ఇంటింటికీ చేర్చినవాడు పెరెల్మాన్. విశాలాంధ్ర దుకాణాల్లో ఒకప్పుడు చవకగా దొరికిన నిత్యజీవితంలో భౌతికశాస్త్రం అనే పుస్తకం ఈ పెరెల్మాన్ రాసిందే. ఆయన 1942లో, జర్మన్ సైన్యం ముట్టడించిన లెనిన్‌గ్రాడ్‌లో ఆకలితో చనిపోయాడు.

1917 విప్లవం తర్వాత మాస్టారికి మంచి, చెడు రెండూ జరిగాయి. 1919లో రహస్య పోలీసులు పట్టుకుపోయి రెండు వారాలు మాస్కోలో నిర్బంధించి వదిలేశారు. 1921లో అదే ప్రభుత్వం జీవితాంతం పెన్షను మంజూరు చేసింది. 1923లో జర్మన్ భాషలో ఒబెర్త్ అనే శాస్త్రజ్ఞుడు రాకెట్ల మీద పుస్తకం వేశాడు. దాని గురించి సోవియట్ పత్రికలో వార్త వచ్చింది. ఇరవై ఏళ్ళ క్రితం తమ దేశంలోనే ఈ పని చేసిన బడిపంతులు పేరు అందులో ఒక్క ముక్క లేదు. ఒబెర్త్ కాపీ కొట్టలేదు, తన దారిన తాను కనిపెట్టాడు. కాని ముందుగా చేసిన మనిషి మరుగున పడిపోతే ఎంత బాధ! పాత వ్యాసాన్ని మళ్ళీ అచ్చు వేయాలని నిర్ణయించారు. కాగితం లేదు. అది కరువు కాలం.

అప్పుడు ముందుకు వచ్చినవాడు చిజేవ్‌స్కీ అనే యువ శాస్త్రజ్ఞుడు. ఆయన తర్వాత రాసుకున్న జ్ఞాపకాల ప్రకారం, కలూగా దగ్గర కొండ్రొవొలోని కాగితం మిల్లుకు వెళ్ళి అక్కడి కార్మికులకు ఉపన్యాసాలు ఇచ్చి, దానికి బదులుగా కాగితం తెచ్చాడు. విదేశాల వాళ్ళకు తెలియడానికి జర్మన్‌లో ముందుమాట కూడా ఆయనే రాశాడు. 1924లో కలూగా ప్రెస్సులో వెయ్యి ప్రతులు అచ్చయ్యాయి. మిత్రులారా, ఈ కాగితం సంగతి చదివినప్పుడు మాకు ఈ సంచిక గుర్తుకు రాక మానలేదు. పాత విద్యార్థుల చందాలు, ఊళ్ళో షాపుల ప్రకటనలు పోగు చేస్తే గాని మన సంచికకు పేజీలు రావు కదా.

అదే 1924లో మాస్కోలో గ్రహాంతర ప్రయాణాల అధ్యయన సంఘం ఏర్పడింది. వైమానిక అకాడమీ విద్యార్థులు, టీచర్లు, కార్మికులు, ఉద్యోగులు కలిసి సుమారు 200 మంది సభ్యులు. సియోల్కోవ్‌స్కీ గౌరవ సభ్యుడు. వాళ్ళ దగ్గర రాకెట్టు లేదు, ప్రయోగశాల లేదు. ఉపన్యాసాలు పెట్టారు, పుస్తకాలు అమ్మారు, గోడల మీద పోస్టర్లు అంటించారు. అమెరికాలో గొడార్డ్ చంద్రుడి మీదికి రాకెట్టు పంపుతున్నాడని అప్పట్లో పుకారు. దాని మీద అక్టోబరులో యూనివర్సిటీ హాలులో చర్చ పెడితే జనం విరగబడి వచ్చారు, అదుపు చేయడానికి పోలీసులను పిలవాల్సి వచ్చింది. ఆ సభ మళ్ళీ పెట్టవలసి వచ్చింది కూడా. ఈ సంఘంలో త్సాండర్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఊరూరూ తిరిగి అంగారకుడికి ఎలా వెళ్ళాలో చెప్పేవాడు. కూతురికి ఆస్ట్రా అనీ, కొడుకుకు మెర్క్యురీ అనీ పేర్లు పెట్టుకున్నాడంటే ఆ పిచ్చి ఎలాంటిదో ఊహించండి. డబ్బు లేక సంఘం ఏడాదికే మూతపడింది. అయినా 1927లో మరికొందరు ఔత్సాహికులు మాస్కో నడిబొడ్డున అంతరిక్ష నౌకల నమూనాల ప్రదర్శన పెట్టారు. వీధి వైపు అద్దాల వెనక వేరే గ్రహం దృశ్యాన్ని కట్టి చూపించారు. రెండు నెలల్లో పది వేల మందికి పైగా చూశారు. సియోల్కోవ్‌స్కీ రచనలకు అందులో ప్రత్యేకంగా ఒక మూల కేటాయించారు.

మాస్టారు కలూగా వదిలి ఎక్కువగా తిరగలేదు. చెవుడు, వయసు. ఆయన పద్ధతి పోస్టు. చిన్న చిన్న పుస్తకాలు తన ఖర్చుతో వేయించి, అడిగిన వాళ్ళకల్లా ఉచితంగా పంపేవాడు. వచ్చిన ఉత్తరాలకు జవాబు రాసేవాడు. 1923లో ఒడెస్సా నుంచి పదిహేనేళ్ళ కుర్రవాడు ఉత్తరం రాస్తే వాడికీ పుస్తకాలు పంపాడు. ఆ కుర్రవాడి పేరు వలెంతీన్ గ్లుష్కో. ఈ పేరు గుర్తుంచుకోండి.

ఇంత చెప్పి ఒక విషయం దాచడం మాకు ఇష్టం లేదు. ఆ చిన్న పుస్తకాలన్నీ రాకెట్ల గురించి కావు. సమాజం ఎలా ఉండాలనే ఊహలు కూడా వాటిలో ఉన్నాయి. మేలైన మనుషులను ఎంపిక చేసి వాళ్ళ సంతానాన్ని పెంచాలనీ, లోపాలున్న వాళ్ళకు సంతానం లేకుండా చూడాలనీ, అలా మానవజాతిని బాగుచేయాలనీ ఆయన రాశాడు. ఆ రోజుల్లో ఎన్నో దేశాల మేధావులు ఇలాంటి మాటలే చెప్పారు. తర్వాత జర్మనీలో నాజీలు దాన్ని ఎంత ఘోరంగా అమలు చేశారో చరిత్ర పుస్తకాల్లో చదివాం. పుట్టుకను బట్టి మనిషిని కొలిచే సమాజంలో పుట్టి, ఇంట్లో మొదటి డిగ్రీ పట్టా తెచ్చుకున్న మాలాంటి వాళ్ళం ఆ మాటను ఒప్పుకోలేం, ఎంత గొప్పవాడు చెప్పినా సరే. పైగా ఆ కొలత పెట్టి చూస్తే ఎవరు మిగులుతారు? బడి నుంచి బయటికి పంపిన ఆ చెవిటి పిల్లవాణ్ణి ఎవరైనా మేలైన వాడని ఎంపిక చేసి ఉండేవారా? ఆయన రాకెట్టు సూత్రాన్ని తీసుకుంటాం, ఈ ఊహను ఆయనకే వదిలేస్తాం.

1931 వచ్చింది. మాస్కోలో సదోవొ-స్పాస్కయా వీధిలోని ఒక ఇంటి నేలమాళిగలో త్సాండర్, సెర్గేయ్ కొరొల్యోవ్, తిఖోన్రావోవ్ మొదలైన వాళ్ళు రాకెట్లు తయారుచేయడానికి గిర్ద్ అనే బృందంగా కూడారు. ఒసోవియాఖిం అనే స్వచ్ఛంద సంస్థ నీడన అది నడిచింది. పగలు వేరే ఉద్యోగాలు చేసుకుని సాయంత్రాలు, రాత్రులు అక్కడికి వచ్చేవారు. గిర్ద్ అనే నాలుగు అక్షరాలకు ఊరికే పనిచేసే ఇంజనీర్ల బృందం అని రష్యన్‌లో అర్థం వచ్చేలా తమ మీద తామే జోకు వేసుకున్నారు. అతుకులు వేయడానికి వెండి కావలసి వస్తే ఇళ్ళ నుంచి వెండి చెంచాలు తెచ్చి కరిగించారని చెబుతారు. త్సాండర్ 1933 మార్చిలో టైఫస్ జ్వరంతో మరణించాడు, ఒక్క రాకెట్టు ఎగరడం కూడా చూడలేదు. అదే ఏడాది ఆగస్టు 17న నఖాబినో మైదానంలో తిఖోన్రావోవ్ రూపొందించిన రాకెట్టు లేచింది. పైకి పోయింది సుమారు 400 మీటర్లు. గాలిలో ఉన్నది 18 సెకన్లు. మన హాస్టల్ నుంచి బస్టాపు దాకా ఉండే దూరం! దానికోసం ముప్ఫై ఏళ్ళు పట్టింది. మరుసటి సంవత్సరం తిఖోన్రావోవ్ కలూగా వెళ్ళి ముసలి మాస్టారిని కలిశాడు.

చివరి రోజుల్లో ఆయనకు గౌరవాలు దక్కాయి. డెబ్బై అయిదో పుట్టినరోజు సందర్భంగా 1932లో ప్రభుత్వం పతకం ఇచ్చింది. 1935 మే డే రోజున ఆయన ఉపన్యాసం రికార్డు మాస్కో రెడ్ స్క్వేర్‌లో వినిపించారు. అంతరిక్ష యాత్ర మీద తీస్తున్న ఒక సినిమాకు బొమ్మలు గీసి సలహాలు ఇచ్చాడు, విడుదలయ్యేసరికి ఆయన లేడు. 1935 సెప్టెంబరు 19న కడుపు క్యాన్సరుతో కలూగాలో తుదిశ్వాస విడిచాడు. తన రచనలన్నీ ప్రభుత్వానికి, పార్టీకి రాసి ఇచ్చాడు.

ఆయనను మోసిన వాళ్ళకు జరిగింది కూడా చెప్పాలి. సంబరంగా చెప్పే కథల్లో ఈ భాగం వదిలేస్తారు. స్టాలిన్ కాలపు అరెస్టుల్లో 1938లో గ్లుష్కోను, కొరొల్యోవ్‌ను పట్టుకుపోయారు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఖైదులో గడిపారు. రాకెట్టు పరిశోధన సంస్థ అధిపతి క్లెయిమెనోవ్‌ను అదే ఏడాది జనవరిలో కాల్చి చంపారు. తిఖోన్రావోవ్‌తో పాటు మాస్టారి ఇంటికి వెళ్ళి వచ్చినవాడు ఆయనే. కాగితం తెచ్చిన చిజేవ్‌స్కీ 1942లో అరెస్టయి ఎన్నో ఏళ్ళు శిబిరాల్లో ఉన్నాడు. జీతం అడగకుండా పనిచేసిన మనుషులకు దేశం ఇచ్చిన బహుమానం ఇది.

బతికి బయటపడ్డ కొరొల్యోవ్ 1957 సెప్టెంబరు 17న మాస్కోలో సియోల్కోవ్‌స్కీ శతజయంతి సభలో ప్రసంగించాడు. ఆ తర్వాత పదిహేడు రోజులకు, అక్టోబరు 4న, మొదటి స్పుత్నిక్ భూమి చుట్టూ తిరిగింది. ప్రతి ఏటా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు ఆ తేదీనే మొదలవుతాయి. శ్రీహరికోట వాళ్ళు మన జిల్లాల్లో పెట్టే క్విజ్, వక్తృత్వ పోటీలు కూడా ఆ వారోత్సవాల్లోవే. 1961 జూన్‌లో యూరీ గగారిన్ కలూగా వెళ్ళి అంతరిక్ష మ్యూజియానికి పునాది రాయి వేశాడు, 1967లో అది తెరుచుకుంది. మాస్టారు ఉన్న ఇల్లు, రేకు చెవి గొట్టాలు కూడా ఆ ఊళ్ళో భద్రంగా ఉన్నాయి.

స్పుత్నిక్‌ను మోసిన రాకెట్టు ఇంజన్లను తయారుచేసింది గ్లుష్కో బృందం. ఒడెస్సా నుంచి ఉత్తరం రాసి, పోస్టులో ఉచితంగా పుస్తకాలు అందుకున్న ఆ పదిహేనేళ్ళ కుర్రవాడే. ఆ ఇంజన్ల తరానికి చెందినవే ఇప్పటికీ సోయుజ్ రాకెట్ల కింద మండుతున్నాయి.